46 ఇంజన్‌కు ఏ ప్రొపెల్లర్? ముందు విమానాన్ని తూచండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన విషయం ఇది. మీది రేడియోతో నడిపే మోడల్ విమానం: 1.6 మీటర్ల రెక్క ఉన్న హైవింగ్ ట్రైనర్ (రెక్క బాడీ పైన ఉండే, నేర్చుకునేవాళ్ళ రకం), రెక్క వెడల్పు 29 సెంటీమీటర్లు, మొత్తం బరువు 2.6 కిలోలు. ఎవరో వాడి అమ్మిన 46 సైజు (ఏడున్నర సీసీ) టూ-స్ట్రోక్ గ్లో ఇంజన్, అంటే స్పార్కుకు బదులు ఎర్రగా కాలే తీగ ప్లగ్‌తో ఇంధనం మండించేది. నైట్రో (శక్తి పెంచే నైట్రోమీథేన్) లేని మెథనాల్-ఆముదం ఇంధనం. ఎగరవేసేది హైదరాబాద్ శివార్లలో, గడ్డీ మట్టీ కలిసిన నేల మీద. వేగం బాగా రావాలన్న ఉద్దేశంతో 10×8 ప్రొపెల్లర్ బిగించారు. నేల మీద టాకోమీటరు 11,200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) చూపిస్తోంది, అయినా విమానం అరవై డెబ్బై మీటర్లు పరుగెత్తితే గాని లేవడం లేదు. లేచాక ముక్కు ఎత్తగానే ఇంజన్ గొంతు పడిపోతోంది. ఇంతకంటే పెద్ద ఇంజన్ కొనాలా, లేక మీ మిత్రుడు చెప్పినట్లు ఎలక్ట్రిక్ మోటారుకు మారాలా అని అడిగారు.

రెండూ అవసరం లేదు. ఆ ఇంజన్ మీ విమానానికి సరిపోయినదే. ముందు ఒక 11×5, దానితోపాటు ఒక 11×6 తెచ్చుకోండి. ఎందుకో తెలిస్తే రేపు వేరే విమానం కట్టినప్పుడు మళ్ళీ ఎవరినీ అడగనవసరం ఉండదు కనుక వివరంగా రాస్తున్నాను.

మనలో చాలామంది ఇంజన్ దగ్గర మొదలుపెట్టి, దానికి డబ్బా మీద ఏ ప్రొపెల్లర్ రాసి ఉంటే అది బిగించి, ఆ రెండూ కలిపి విమానానికి తగిలిస్తారు. అసలు లెక్క విమానం దగ్గర మొదలుకావాలి. విమానం ఎంత బరువు, ఎంత రెక్క, గాలిలో నిలబడడానికి ఎంత వేగం కావాలి అనేది ముందు తేలితే, ప్రొపెల్లర్ ఎలా ఉండాలో అది చెబుతుంది. ఆ ప్రొపెల్లర్‌ను అవసరమైన ఆర్‌పీఎంలో తిప్పగలిగేది ఏదో అదే మీకు కావలసిన ఇంజన్.

మీ విమానం సంగతే చూద్దాం. రెక్క వైశాల్యం 160 × 29 సెంటీమీటర్లు, అంటే సుమారు 46 చదరపు డెసీమీటర్లు. 2,600 గ్రాములను 46తో భాగిస్తే చదరపు డెసీమీటరుకు 56 గ్రాములు పైచిలుకు. ట్రైనర్లకు వాడే అడుగు చదునైన రెక్కకు నేను వాడే మోటు సూత్రం ఒకటుంది: ఈ రెక్క భారానికి వర్గమూలం తీసి 4.5తో గుణిస్తే స్టాల్ వేగం గంటకు కిలోమీటర్లలో దాదాపుగా వస్తుంది. 56కు వర్గమూలం ఏడున్నర, దాన్ని 4.5తో గుణిస్తే సుమారు 34. అంటే గంటకు 34 కిలోమీటర్ల కంటే నెమ్మదిగా వెళ్తే మీ విమానం ఎగరదు, పడుతుంది.

ఇప్పుడు ప్రొపెల్లర్. 10×8లో మొదటి అంకె అంగుళాలలో వ్యాసం, రెండోది పిచ్. గాలి జారిపోకుండా మరమేకు చెక్కలోకి దిగినట్లు పట్టు ఇస్తే, ఒక్క చుట్టుకు ప్రొపెల్లర్ ఎన్ని అంగుళాలు ముందుకు వెళ్తుందో అదే పిచ్. పిచ్‌ను ఆర్‌పీఎంతో గుణించి, వచ్చినదాన్ని 0.001524తో గుణిస్తే గంటకు కిలోమీటర్లలో పిచ్ వేగం వస్తుంది. మీ 10×8కు 11,200 దగ్గర అది 136 కిలోమీటర్లు. ట్రైనర్లకూ, సాధారణ స్పోర్ట్ విమానాలకూ పిచ్ వేగం స్టాల్ వేగానికి రెండున్నర నుంచి మూడు రెట్లు ఉంటే చాలు. మీకది 85 నుంచి 100 కిలోమీటర్లు. 136 అనేది మీ విమానం ఎన్నడూ అందుకోలేని వేగం. అంత మందమైన రెక్క, నిలువెత్తు బాడీ, బయటికి వేలాడే చక్రాలు, రెక్కను కట్టే రబ్బరు బ్యాండ్లు ఉన్న ట్రైనర్ ఆ దరిదాపులకు రాకముందే గాలి నిరోధం దాన్ని ఆపేస్తుంది. నిండా ఇటుకలు వేసుకున్న లారీని నాలుగో గేరులో కదిలించడానికి ప్రయత్నించినట్లుంది మీ పరిస్థితి.

టేకాఫ్ దగ్గర ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 10×8 బ్లేడును మధ్య నుంచి కొసకు ముప్పావు దూరంలో కొలిస్తే దాని కోణం దాదాపు 19 డిగ్రీలు ఉంటుంది, సగం దూరంలో అయితే 27 డిగ్రీలు. విమానం కదలకుండా నిలబడి ఉన్నప్పుడు గాలి ఆ బ్లేడును దాదాపు ఆ కోణంతోనే ఢీకొంటుంది. రెక్క పన్నెండు, పదిహేను డిగ్రీలు దాటితే గాలి మీద పట్టు తప్పి స్టాల్ అవుతుందని మనకు తెలుసు. బ్లేడు కూడా తిరిగే రెక్కే కనుక దాని లోపలి భాగమంతా స్టాల్ అయి, గాలిని వెనక్కి నెట్టకుండా చిలుకుతూ ఉంటుంది. ఇంజన్ శక్తి ఖర్చవుతుంది, లాగుడు రాదు. అదే ముప్పావు దూరంలో 11×6కు 13 డిగ్రీలు, 11×5కు 11 డిగ్రీలు. మొదటి అడుగు నుంచే బ్లేడు గాలిని పట్టుకుంటుంది.

మరి ఇంజన్ మీద బరువు పెరగదా అని అనుమానం రావచ్చు. ప్రొపెల్లర్‌ను ఒకే ఆర్‌పీఎంలో తిప్పడానికి కావలసిన శక్తి, సుమారుగా వ్యాసం నాలుగో ఘాతాన్ని పిచ్‌తో గుణించిన లెక్కలో పెరుగుతుంది. ఆర్‌పీఎం పెరిగితే దాని ఘనం లెక్కలో పెరుగుతుంది. 10×8కు ఆ లబ్ధం 80,000. 11×6కు దాదాపు 88,000, 11×5కు 73,000, డబ్బాల మీద తరచు కనిపించే 10×6కు 60,000. అంటే మీ ఇంజన్ ఇదే శక్తి ఇస్తూ ఉంటే 11×6 మీద ఆర్‌పీఎం 10,850 దగ్గరకు తగ్గుతుంది, 11×5 మీద 11,500 దాకా ఎక్కుతుంది. 11×6 బిగించాక టాకోమీటరులో తక్కువ అంకె చూసి కంగారు పడకండి. అంకె తగ్గినా విమానం ముందుకంటే త్వరగా లేస్తుంది. పిచ్ వేగం చూస్తే 11×6కు 99 కిలోమీటర్లు, 11×5కు 88. రెండూ మీ పరిధిలోనే ఉన్నాయి.

ఈ లెక్కలోనే ఇంకొక సంగతి ఉంది. ఈ సైజులో వ్యాసం ఒక్క అంగుళం పెంచడం పిచ్ రెండు, మూడు అంగుళాలు పెంచినంత బరువు. అందుకే ఒక అంగుళం వ్యాసం పెంచినప్పుడు రెండు అంగుళాల పిచ్ తగ్గించాలని పెద్దవాళ్ళు చెప్పేవారు. అయితే దీన్ని ఇంకా సాగదీసి 12×4 పెట్టవచ్చు కదా అంటే, ఎక్కడంలో నిజంగానే బాగుంటుంది గాని పిచ్ వేగం 67కు పడిపోతుంది. స్టాల్ వేగానికి రెండింతలే. మధ్యాహ్నం ఎదురుగాలి గంటకు పాతిక కిలోమీటర్లు వీచే రోజున మీ విమానం అక్కడే వేలాడుతూ, ఎక్కడం తప్ప ముందుకు రావడం మరచిపోతుంది. పైగా బ్లేడు కొస నేలకు ఒకటింపావు సెంటీమీటరు దగ్గరవుతుంది. గడ్డి నేల మీద ముందు చక్రం ఏ గుంతలో దిగినా ప్రొపెల్లర్ విరుగుతుంది.

డబ్బా మీది హార్స్‌పవర్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పెద్ద ఇంజన్ కొనాలన్న ఆలోచన చాలామందికి అక్కడి నుంచే వస్తుంది. 46 సైజు అంటే 0.46 ఘనపుటంగుళాలు, ఏడున్నర సీసీ. ఈ తరగతి ఇంజన్ల మీద ఒకటిన్నర హార్స్‌పవర్ పైచిలుకు అని రాసి ఉంటుంది, కాని అది 16,000 ఆర్‌పీఎం దగ్గర కొలిచిన సంఖ్య. ట్రైనర్‌కు తగిన ప్రొపెల్లర్‌తో ఏ 46 కూడా నేల మీద అంత తిరగదు. మీ ఆర్‌పీఎం ప్రకారం లెక్క వేస్తే షాఫ్టు దగ్గర దొరుకుతున్నది సుమారు 500 వాట్లు, అంటే హార్స్‌పవర్‌లో మూడింట రెండు వంతులు. 2.6 కిలోల ట్రైనర్‌కు అది చాలు. ఆ 500 వాట్లను గాలిని చిలకడానికి కాకుండా లాగడానికి వాడితే మీకు కొత్త ఇంజన్ కొన్నట్లే ఉంటుంది.

హైదరాబాద్ అన్నారు కనుక ఒక మాట. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో అక్కడి గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.05 కిలోల దగ్గర ఉంటుంది. జనవరి ఉదయం విశాఖ తీరాన 22 డిగ్రీల దగ్గర అది 1.19. పన్నెండు శాతం తేడా. ఇందులో మోసం ఏమిటంటే, పలుచని గాలిలో ఇంజన్ శక్తి తగ్గుతుంది, ప్రొపెల్లర్ బరువు కూడా దాదాపు అంతే తగ్గుతుంది కనుక టాకోమీటరులో అంకె ఇంచుమించు మారదు. లాగుడు మాత్రం పన్నెండు శాతం తగ్గుతుంది, స్టాల్ వేగం ఆరు శాతం పెరుగుతుంది. చలికాలంలో ఇరవై ఐదు మీటర్లలో లేచే విమానం వేసవిలో ఇంకాస్త ఎక్కువ దూరం తీసుకుంటే ఇంజన్ పాడయిందని విప్పదీయకండి. ఆ నెలల్లో ఉదయం ఎనిమిదిలోపు ఎగరవేయండి, లేదా 11×5కు మారండి.

ముక్కు ఎత్తితే గొంతు పడిపోవడానికి ప్రొపెల్లర్ ఒక్కటే కారణమని నేను అనుకోవడం లేదు. ఎక్కేటప్పుడు విమానం వేగం తగ్గుతుంది, బ్లేడు మీద బరువు పెరుగుతుంది, ఇది నిజమే. కాని ముక్కు ఎత్తినప్పుడు ట్యాంకులో ఇంధనం మట్టం కార్బురేటర్‌కు కిందికి దిగుతుంది, మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలికి తగినంత ఇంధనం అందదు. మీరు నేల మీద నీడిల్‌ను (ఇంధనం పాళ్ళు సరిచేసే మరను) గరిష్ఠ ఆర్‌పీఎం వచ్చే చోటనే వదిలేసి ఉంటారు. ఇలా చేయండి: ఇంజన్ వేడెక్కాక పూర్తి థ్రాటిల్‌లో నీడిల్ మూస్తూ గరిష్ఠానికి తీసుకువెళ్ళండి, అక్కడి నుంచి 300 లేదా 400 ఆర్‌పీఎం తగ్గేదాకా వెనక్కి తిప్పండి. తరవాత విమానాన్ని గట్టిగా పట్టుకుని ముక్కును నిలువుగా ఆకాశం వైపు ఎత్తి పది సెకన్లు వినండి. శబ్దం కాస్త పెరిగి నిలబడితే మంచిది. పెరిగి మెల్లగా కుంగితే ఇంకా రెండు క్లిక్కులు తెరవండి. మఫ్లర్ నుంచి పొగ సన్నని తెల్లని గీతలా కనిపించాలి. ఫ్లైట్ తరవాత సిలిండర్ తల మీద ఆముదం గోధుమరంగులో మాడి అంటుకుని ఉంటే మీ ఇంజన్ ఇప్పటిదాకా పలుచని మిశ్రమంతో నడుస్తోందన్నమాట. మనకు దొరికే ఎనభై పాళ్ళు మెథనాల్, ఇరవై పాళ్ళు ఆముదం ఉన్న ఇంధనం విదేశీ పత్రికల్లో చూపే పది, పదిహేను శాతం నైట్రో ఇంధనమంత శక్తి ఇవ్వదు. అందువల్ల వాళ్ళు చెప్పే ప్రొపెల్లర్‌కు ఒక మెట్టు తేలికైనది మనకు సరిపోతుంది. మీకు ముందు 11×5 బిగించమన్నది ఇందుకే.

టాకోమీటరు మాటెత్తాం కనుక, దాన్ని నమ్మే ముందు ఒకసారి పరీక్షించండి. రెండు బ్లేళ్ళ సెట్టింగు పెట్టి, పాతకాలపు చోకు ఉన్న ట్యూబ్‌లైటు వైపు పట్టుకోండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కనుక ఆ దీపం సెకనుకు వందసార్లు మినుకుతుంది, మీటరు 3,000 చూపించాలి. అమెరికా పుస్తకాల్లో 3,600 అని ఉంటుంది, వాళ్ళ కరెంటు 60 హెర్ట్‌జ్ కావడం వల్ల. ఎల్‌ఈడీ దీపాలు ఈ పనికి పనికిరావు. నేను చాలా ఏళ్ళ కిందట మూడు బ్లేళ్ళ సెట్టింగులో ఉన్న మీటరుతో వారం రోజులు నా ఇంజన్ బలహీనపడిందని బాధపడ్డాను. ఇంజన్ తన పని తాను చేసుకుంటూనే ఉంది.

ఎలక్ట్రిక్‌కు మారడం గురించి. మారదలచుకుంటే మారండి, అందులో తప్పేమీ లేదు, కాని ప్రొపెల్లర్ ఎంపికలో ఒక్క తేడాను గుండెల్లో రాసుకోండి. గ్లో ఇంజన్‌కు పెద్ద ప్రొపెల్లర్ పెడితే ఆర్‌పీఎం తగ్గి, మూలిగి, తన బాధ మీకు చెబుతుంది. బ్రష్‌లెస్ మోటారు చెప్పదు. బ్యాటరీ వోల్టేజీ ఏ ఆర్‌పీఎం అడుగుతుందో దాదాపు ఆ ఆర్‌పీఎంలోనే తిప్పడానికి అది ఎంత కరెంటు కావాలన్నా లాగుతుంది. 12×6 తీసి 13×6 పెడితే నాలుగో ఘాతం లెక్కన 35 శాతానికి పైగా ఎక్కువ శక్తి కావాలి. నేల మీద 49 ఆంపియర్లు లాగుతున్నది అరవై దాటుతుంది. అంత కరెంటుకు సరిపోనివైతే స్పీడ్ కంట్రోలర్ గాని, మోటారు వైండింగ్ గాని కాలిపోతాయి, అదీ ఒక్క నిమిషంలో. అందుచేత వాట్‌మీటరు లేకుండా కొత్త ప్రొపెల్లర్ బిగించకూడదు.

మీ విమానానికి లెక్క ఇలా ఉంటుంది. ట్రైనర్‌కు కిలోకు 150 నుంచి 180 వాట్ల దాకా చాలు, స్పోర్ట్ ఎగరవేతకు 220 నుంచి 260. 2.6 కిలోలకు పై అంచున సుమారు 680 వాట్లు. నాలుగు సెల్‌ల లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) లోడు మీద 14 వోల్టులు ఇస్తుందనుకుంటే 49 ఆంపియర్లు. 12×6ను 10,000 ఆర్‌పీఎంలో తిప్పడానికి దాదాపు ఇదే కావాలి. పిచ్ వేగం 91 కిలోమీటర్లు, సరిగ్గా మన పరిధిలో. లోడు మీద మోటారు తన కేవీని (లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకు తిరిగే ఆర్‌పీఎంను) వోల్టేజీతో గుణించిన దానిలో నాలుగింట మూడు వంతుల నుంచి ఎనభై శాతం దాకా తిరుగుతుంది కనుక 900 కేవీకి అటూఇటూగా ఉన్నది వెతకండి. కంట్రోలర్ 70 ఆంపియర్లది తీసుకోండి. ప్రొపెల్లర్ కూడా ఎలక్ట్రిక్ కోసం చేసిన రకమే కావాలి. వాటి బ్లేళ్ళు పలుచగా ఉంటాయి, వాటిని ఎప్పుడూ గ్లో ఇంజన్‌కు బిగించకండి, ఆ అదురుకు తట్టుకోలేవు. నెమ్మదైన తేలిక విమానాల కోసం చేసే స్లో ఫ్లయర్ రకం ఇంకా సున్నితం: ఏపీసీ అనే ప్రొపెల్లర్ కంపెనీ వారి ఆ రకానికి గరిష్ఠ ఆర్‌పీఎం 65,000ను వ్యాసంతో భాగిస్తే వస్తుంది, అంటే పది అంగుళాల దానికి 6,500 మాత్రమే.

మిగిలిన సైజుల గురించి క్లుప్తంగా. 25 సైజుకు 9×5, 40కి 10×6, 60కి 12×6 లేదా 11×7తో మొదలుపెట్టవచ్చు. ఫోర్-స్ట్రోక్‌లకు తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ పట్టు ఉంటుంది కనుక 70 సైజుకు 13×6 హాయిగా తిరుగుతుంది. టైగర్‌మాత్ లాంటి నెమ్మదైన బైప్లేన్లకు అందుకే అవి నప్పుతాయి. మూడు బ్లేళ్ళది అందానికి కావాలంటే వ్యాసం ఒక అంగుళం తగ్గించండి.

కొత్త ప్రొపెల్లర్ చేతికి రాగానే చేయవలసిన పనులు రెండు మూడు ఉన్నాయి. నైలాన్ వాటి అంచున అచ్చు కలిసిన చోట సన్నని పొర కత్తిలా నిలబడి ఉంటుంది, దాన్ని చాకుతో గీకి, సన్నని గరుకు కాగితంతో రుద్దండి. నా కుడిచేతి చూపుడువేలి మీది మచ్చ ఆ పొర చేసినదే. తరవాత బ్యాలెన్సర్ మీద పెట్టి, కిందికి దిగే బ్లేడును వెనక వైపు కొద్దికొద్దిగా రుద్దుతూ ఎటు వదిలితే అటు నిలబడేదాకా సరిచేయండి. రంధ్రం పెద్దది చేయవలసి వస్తే మెట్ల రీమర్ వాడండి, చేతి డ్రిల్లుతో చేస్తే అది కేంద్రం తప్పుతుంది. నేలకు తగిలిన ప్రొపెల్లర్‌ను అతికించి వాడవద్దు. బొడ్డు దగ్గర సన్నని తెల్లగీత కనిపించినా బాగానే ఉందనుకుని నేను ఒకసారి వాడాను. పూర్తి థ్రాటిల్‌లో ఒక బ్లేడు ఎగిరిపోయి, మిగిలిన దాని అదురుకు ఇంజన్ మౌంటు సహా ఊడివచ్చింది. అప్పుడు నేను విమానం వెనక నిలబడి ఉన్నాను కనుక ఈ సమాధానం రాయగలుగుతున్నాను. ప్రొపెల్లర్ తిరిగే వరుసలో మీరూ నిలబడకండి, పిల్లలను అసలే నిలబెట్టకండి.

బిగించేటప్పుడు పిస్టన్ కంప్రెషన్ మొదలయ్యే చోట బ్లేళ్ళు అడ్డంగా, గడియారంలో పదీ-నాలుగు దిక్కున ఉండేలా చూసుకోండి. చేతితో తిప్పడానికి అనువుగా ఉంటుంది. గాలిలో ఇంజన్ ఆగిపోయినా బ్లేళ్ళు దాదాపు అడ్డంగానే నిలుస్తాయి కనుక, గడ్డిలో దిగినప్పుడు ప్రొపెల్లర్ బతికే అవకాశం ఎక్కువ.

మొదటి నెల రోజులు 11×5 మీదనే ఉండండి. నీడిల్ మీద చేయి కుదిరి, గాలి ఎక్కువగా వీచే రోజుల్లో విమానం ముందుకు చొచ్చుకుపోవడం లేదనిపించినప్పుడు 11×6కు మారండి. ఆ 10×8ను పారేయకండి. ఈ ఇంజన్‌నే రేపు సన్నని రెక్క ఉన్న, రెండు కిలోల లోపు బరువున్న లోవింగ్ (రెక్క బాడీ అడుగున ఉండే) విమానంలో పెట్టినప్పుడు, పక్కా రన్‌వే దొరికిన చోట, దానికి పని పడుతుంది.